నూకరత్నం పెట్టిన గాలి

నేను ఒక మోటారుసైకిలు టైరును. వెనక చక్రానికి వేసే రకం. బరువు మోసేదీ నేనే, బండిని ముందుకు తోసేదీ నేనే. అయినా బండి కొన్నవాళ్లు పొద్దున్నే గుడ్డ పట్టుకుని తుడిచేది పెట్రోలు ట్యాంకును. అందుకు నాకు కోపమేమీ లేదు. ట్యాంకు కంటికి ఎదురుగా ఉంటుంది, నేను ఉండను.

తమిళనాడులోని ఒక కర్మాగారంలో పుట్టాను. రబ్బరు, నల్లటి మసిపొడి, గంధకం కలిపిన ముద్దను వేడి అచ్చులో బిగించి ఉడికించారు. బయటికి వచ్చేసరికి నా ఒంటిమీద వాననీళ్లు చెదరగొట్టే గాడులు ఉన్నాయి, పక్కన నాలుగంకెలు ఉన్నాయి. ఏ ఏడాది ఎన్నో వారంలో పుట్టానో ఆ అంకెలు చెబుతాయి. నాది మెత్తరకం రబ్బరు. మలుపుల్లో రోడ్డును వదలను, కానీ తొందరగా అరిగిపోతాను. పట్టూ కావాలి, పదేళ్లూ రావాలి అనేవాళ్లకు నేను పనికిరాను.

లారీలో నర్సీపట్నం చేరి నూకరత్నం కొట్లో దిగాను. నూకరత్నానికి యాభై దాటాయి. అరిగిన లారీ టైర్లకు కొత్త రబ్బరు తొక్కు అతికే తండ్రి దగ్గర పని నేర్చుకుని, చింతపల్లి రోడ్డులో ఇరవై రెండేళ్లుగా సొంతంగా కొట్టు నడుపుతోంది. రోడ్డుకు అవతలి పక్క దాలినాయుడి టైర్ల కొట్టు. ‘ఆడమనిషి చెయ్యి రిమ్ము నుంచి టైరు ఊడదీయగలదా’ అని అతనెప్పుడో ఎవరితోనో అన్నాడట. ఆ మాట చెవిన పడ్డాక ఆరేళ్లుగా నూకరత్నం అతనితో మాట్లాడలేదు, అటువైపు అడుగు పెట్టలేదు.

నేను వచ్చిన పదో రోజున త్రినాథ్ వచ్చాడు. చింతపల్లి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. రోజూ లంబసింగి ఘాట్ ఎక్కి దిగుతాడు. బండి మంచి వేగం గలది. సెల్‌ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి, ఇంతకన్నా వెడల్పు టైరు కావాలన్నాడు.

"ఏ రోడ్డు మీద తిరుగుతావు బాబూ? వానలో ఎళ్తావా? ఎనకాల ఎవులైనా కూకుంటారా?" అని అడిగింది నూకరత్నం.

"ఘాటే అక్కా. వానైనా తప్పదు. ఆదివారాలు మా ఆవిడ కూర్చుంటుంది."

"అయితే ఆ ఎడల్పుది నీకొద్దు. నీ రిమ్ము ఇరుకు. అందులో దూరిస్తే టైరు ముడుచుకుపోయి బుడగలాగ లేస్తాది. మలుపులో వొంచినప్పుడు అంచు రోడ్డుకి సరిగా ఆనదు. ఇగో ఈ గాడుల్లేని నున్నటిది ఉంది చూడు, ఇది పందేలోళ్లకి. బాగా కాలితేగానీ పట్టదు, వానకి అసలు పనికిరాదు." అని నన్ను దొర్లించుకొచ్చింది. "ఇది తీసుకో. మెత్తటిది, నీళ్లని తోసీస్తాది. నాలుగంకెలు చూసుకో, పుట్టి మూడు నెల్లవలేదు."

త్రినాథ్ మొహం చిన్నబోయింది. మనుషులు సలహా అడుగుతారు గానీ, తాము అనుకున్నదే అవతలివాళ్ల నోట వినాలని అడుగుతారు. అయినా నన్నే వేయించుకున్నాడు. మొదటి నూటయాభై కిలోమీటర్లు నెమ్మదిగా పొమ్మని, కొత్త టైరు మీద జారుడు పూత ఉంటుందని నూకరత్నం రెండుసార్లు చెప్పింది. ముందు చక్రానికి ఇరవై తొమ్మిది పాయింట్లు, నాకు ముప్పై రెండు పాయింట్లు గాలి పెట్టింది.

"పదిహేను రోజులకోసారి పొద్దున్నే రా, బండి చల్లగా ఉన్నప్పుడు. తిరిగొచ్చి వేడి మీద చూస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తాది. అది నిజం గాలి కాదు."

మొదటి రెండు నెలలూ నా బతుకులో మంచి రోజులు. ఘాట్ మలుపుల్లో త్రినాథ్ బండిని వంచితే నా అంచులదాకా రోడ్డు తగిలేది. కాఫీ తోటల నుంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి మీద కూడా తడబడలేదు. వెడల్పు టైరు సంగతి అతను మరిచిపోయాడు.

తర్వాత ఒక సోమవారం, నాకు ముందు వచ్చిన ఆటోకు గాలి పెడుతుండగా నూకరత్నం చేతిలోంచి గాలి కొలిచే గేజీ జారి సిమెంటు గచ్చు మీద పడింది. ఆమె తీసి, చీరకొంగుతో తుడిచి, అద్దం పగల్లేదని చూసుకుంది. ముల్లు సున్నా మీదే ఉంది. సరే అనుకుంది. నా దగ్గరికి వచ్చి, ముల్లు ముప్పై రెండు చూపేదాకా గాలి పట్టింది.

అది ముప్పై రెండు కాదు. నలభై. నా ఒళ్లంతా బిగుసుకుపోయింది. గొట్టం తీసేసి, వేళ్లతో నన్ను ఒకసారి తట్టి, వెళ్లి రమ్మంది.

అప్పటి నుంచి ప్రతి పదిహేను రోజులకూ అదే గాలి. ఉబ్బిన నా నడుం ఒక్కటే రోడ్డుకు ఆనేది, అంచులు గాలిలోనే ఉండేవి. చిన్న గులకరాయి తగిలినా బండి ఎగిరేది. "రోడ్లు పాడైపోయాయి," అనేవాడు త్రినాథ్ భార్యతో. మూడు నెలల్లో నా నడుం చదునైపోయింది.

కార్తీకమాసంలో ఒక ఆదివారం ఉదయం అతను, భార్య మంగవేణి లంబసింగి బయలుదేరారు. సన్నటి తుప్పర. ఘాట్‌లో నాలుగో మలుపు దగ్గర ఎదురుగా జీపు వస్తే త్రినాథ్ బ్రేకు పట్టాడు. నేను రోడ్డును పట్టుకోవాలని చూశాను, పట్టుకోవడానికి నాకు మిగిలింది రెండు వేళ్ల వెడల్పు. బండి పక్కకు జారి పడింది. త్రినాథ్ మోకాలు చీరుకుపోయింది. మంగవేణి చెయ్యి ఆనించి పడడంతో మణికట్టు ఎముక విరిగింది. ఆ జీపువాళ్లే ఇద్దరినీ ఆసుపత్రికి చేర్చారు.

పన్నెండు రోజుల తర్వాత ఇద్దరూ కొట్టుకు వచ్చారు. మంగవేణి చేతికి సిమెంటు కట్టు ఉంది.

"మంచి టైరన్నావు కదక్కా. చూడు మా ఆవిడ చెయ్యి," అన్నాడు త్రినాథ్.

నూకరత్నం ముందు మంగవేణి చెయ్యి చూసింది, కూర్చోమని బల్ల జరిపింది. తర్వాత నా ముందు గొంతుక్కూర్చుని అరచేత్తో నా ఒళ్లంతా తడిమింది. లేచేసరికి ఆమె మొహం మారింది.

"టైరు తప్పు కాదు బాబూ. నడిమి అరిగిపోనాది, అంచులు కొత్తగా ఉన్నాయి. ఎవులో గాలి ఎక్కువ కొట్టీసినారు. మైలేజీ వస్తాదని బంకులో కొట్టించీసి నా మీదకి వస్తే ఎలగ?"

"నేను ఎక్కడా కొట్టించలేదు!"

"టైరు అబద్ధం చెప్పదు."

"అంటే నేను చెప్తున్నానా?" త్రినాథ్ గొంతు పెరిగింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు.

అప్పుడు మంగవేణి నెమ్మదిగా అంది: "పిన్నిగారూ, ఈయన నిజంగానే ఇంకెక్కడా గాలి పెట్టించరు. ఓసారి బంకులో ఉచితంగా పెడతామన్నా, వద్దు, నూకరత్నం అక్క చేతిగాలే కావాలి అని వచ్చేశారు. నేను వెనకే ఉన్నాను."

నూకరత్నం కొక్కేనికి వేలాడుతున్న గేజీ వైపు చూసింది. తర్వాత దాన్ని తీసుకుని, చెప్పులైనా వేసుకోకుండా, రోడ్డు దాటి దాలినాయుడి కొట్టు మెట్లెక్కింది.

అతను చేస్తున్న పని ఆపి నిలబడిపోయాడు.

"నీ గేజీ ఒకసారి ఇవ్వు నాయుడూ. నాది తప్పు చూపిస్తున్నట్టుంది."

"మీ గేజీ తప్పంటే నేను నమ్మను రత్నమ్మా," అన్నాడు. అన్నాడే గానీ తనది తీసుకుని ఆమె వెనకే వచ్చాడు.

ముందు ఆమె గేజీ నా నోటికి పెట్టారు. ముప్పై ఒకటి. తర్వాత అతని గేజీ పెట్టారు. ముప్పై తొమ్మిది. దాలినాయుడు ఇంకోసారి పెట్టి చూశాడు. ముప్పై తొమ్మిదే. అతను తల దించుకుని, "కింద పడి ఉంటాదిలే. ఎవులికైనా జరుగుతాది," అన్నాడు.

నూకరత్నం బల్ల మీద మంగవేణి పక్కన కూలబడింది.

"మూడు నెల్ల కిందట గచ్చు మీద పడిపోనాది. నీ చెయ్యి నేనే ఇరగ్గొట్టీసాను తల్లీ," అంది. "పైగా మీ ఆయన్ని అబద్ధాలకోరన్నాను."

మంగవేణి బాగున్న చేత్తో ఆమె భుజం తట్టింది, కానీ పరవాలేదని మాత్రం అనలేదు. అనకపోవడమే సబబనిపించింది నాకు.

ఆ రోజు నన్ను బండి నుంచి తీసేసి నా స్థానంలో నాలాంటిదాన్నే వేసింది నూకరత్నం. నన్ను గోడకు ఆనించింది. పాత గేజీని సమ్మెటతో కొట్టి పనికిరాకుండా చేసింది. తర్వాత అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి కొట్టు ముందు కట్టింది: ‘మూడు నెలలుగా నా గేజీ తప్పు చూపించింది. నా దగ్గర గాలి పెట్టించుకున్నవాళ్లు వెంటనే రండి. టైరు పాడైతే మారుస్తాను.’

దాలినాయుడు అది చదివి, "పేరు పోతాది రత్నమ్మా. ఊరుకుంటే ఎవులికీ తెలీదు," అన్నాడు.

"నాకు తెలిసిపోనాది కదా," అంది ఆమె.

ఫోన్లో నంబర్లున్నవాళ్లందరికీ తనే ఫోన్ చేసింది. కొందరు తిట్టారు. ఒకాయన నవ్వి, తన నడుంనొప్పికి కారణం ఇప్పుడు తెలిసిందన్నాడు. ఇద్దరు ముగ్గురు మళ్లీ ఆ కొట్టు వైపు చూడలేదు. నాలుగు రోజులపాటు వరసకట్టిన బండ్లను సరిచేయడానికి దాలినాయుడు రోజూ సాయంత్రం వచ్చి ఒక చెయ్యి వేశాడు.

ఒక్కడు మాత్రం ఫోన్ ఎత్తలేదు. గొలుగొండ అవతల ఊళ్లో ఉండే కొండబాబు, మేకల వైద్యుడు. అయిదో రోజు పొద్దున్నే నూకరత్నం కొత్త గేజీ సంచిలో వేసుకుని స్కూటీ మీద వాళ్ల ఊరు బయలుదేరింది. మధ్యాహ్నం తిరిగొచ్చి, సంచి బల్ల మీద పడేసి, దాలినాయుడికి చెప్పింది:

"బాగానే ఉన్నాడు. బండీ బాగానే ఉంది. ముప్పై రెండంటే ముప్పై రెండే ఉంది. ‘నీ గాలితో బండి గెంతుతోందక్కా, రెండు నెల్ల కిందటే వేరేచోట తీయించీసాను’ అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదురా అంటే, ‘చెప్తే నువ్వు బాధపడతావని’ అన్నాడు!"

రెండు నెలలు. మంగవేణి కిందపడి అప్పటికి పదిహేడు రోజులే.

నూకరత్నం మంచినీళ్లు తాగింది. రంగు డబ్బా, కుంచె తెచ్చింది. అట్టముక్క విప్పేసి, నన్ను ఆనించిన గోడ మీదే, నాకు మూరెడు పైన, ఎండకూ వానకూ పోని అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది:

‘ఇక్కడ గాలి పెట్టించుకున్నాక బండి తేడాగా నడిస్తే, మొహమాటపడకుండా నాకే చెప్పండి.’