మూడు షిఫ్టుల అరుగుదల పొడి

బంగారు గనులు మూసి మూడేళ్ళయినా సెల్వరాజ్‌కు షిఫ్టుల పిచ్చి వదల్లేదు. ఊరిగాంలో కంపెనీవాళ్ళు కూలీలకు వరసగా కట్టిన పాత లైనింటి వెనక మాంసానికి మేపుతున్న ఒకే ఒక్క ఎద్దుకు కూడా మూడు షిఫ్టులు పెట్టాడు. పొద్దున తను, మధ్యాహ్నం భార్య ఇసబెల్లా, సాయంత్రం తమ్ముడు మైఖేల్. ఇది పుడకలతో గానీ పోని బుద్ధని ఇసబెల్లా ఏనాడో ఆశ వదులుకుంది.

కోళ్ళు పెంచితే తెగులొచ్చి పోయాయి. టీ అంగడి పెడితే తాగినవాళ్ళంతా చుట్టాలే అయ్యారు. ఈస్టరుకు ఈ ఎద్దునన్నా కసాయి మెచ్చితే సరి, లేదంటే బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోతానన్నాడు సెల్వరాజ్. భూమి కింద రాయి పగలగొట్టిన మనిషి ఎవరింటి గేటో తీస్తూ నిలబడతాడంటే ఇసబెల్లా తట్టుకోలేకపోయింది.

ఎద్దుకు మేత సరిగా అరగడం లేదంటే, టేకల్ ఊరి రైతు మునిశామప్ప శొంఠి, వాము, మెంతులు, కరక్కాయ నూరిన పొడి ఇచ్చాడు. రోజుకు ఒక్క పిడికెడు తవుడులో కలపమన్నాడు. పొడి మంచిదే. తంటా అంతా మనుషులతోనే వచ్చింది.

వారం తిరక్కుండా ఎద్దు నీళ్ళలా పారుకోవడం మొదలుపెట్టింది. మేత ముట్టదు, నెమరు వేయదు. కొట్టం కడిగి కడిగి ఇసబెల్లా నడుం పడిపోయింది. పొడి చాల్లేదేమో అన్నాడు సెల్వరాజ్. ఇంకొంచెం వేద్దామన్నాడు మైఖేల్. నెలంతా రావలసిన పొడి డబ్బాలో అప్పటికే అడుగు కనిపిస్తోంది. ఆమె నిలదీస్తే తేలింది, అన్న పొద్దున ఒక పిడికెడు, తమ్ముడు సాయంత్రం ఒక పిడికెడు. మధ్యలో తన పిడికెడు ఉండనే ఉంది. ఎవరి షిఫ్టు వాళ్ళు భక్తిగా చేశారు గానీ, ఒకరికొకరు చెప్పుకున్న పాపాన పోలేదు. అందులో తనూ ఒకతె కావడం ఆమెను మరీ మండించింది.

మొగుడి వైపు తిరిగింది. "ఏమప్పా, గని లోపల షిఫ్టు మారేటప్పుడు పేలకుండా మిగిలిన మందు యాడుండాదో వచ్చేవానికి చెప్పకుండా ఎప్పుడన్నా పైకొచ్చినావా?"

"అట్లెట్లా వస్తాను? మనిషి చచ్చిపోతాడు కదమ్మా."

"ఇంట్లో ఎవురూ చావరనుకున్నావా? నువ్వు ఆ గేటుకాడ నిలబడితే నాకు ప్రాణముంటాదా?"

సెల్వరాజ్ పొడి డబ్బా తీసి అటక మీద పెట్టాడు. మైఖేల్ చీపురు తీసుకుని కొట్టంలోకి జారుకున్నాడు.

పొడి ఆపేసి, రాగి గంజి, ఎండుగడ్డి మాత్రమే పెట్టారు. రెండు రోజులు ఎద్దు మొండికేసింది. ఆ మర్నాడు మధ్యాహ్నం ఇసబెల్లా కొట్టంలోకి పోయేసరికి ఎద్దు పడుకుని మెల్లగా నెమరు వేస్తోంది. ఆమెకు ఏడుపొచ్చింది. కానీ డొక్కలు చూస్తే, ఈస్టరుకు అది కండ పట్టదని తెలిసిపోతోంది.

సెల్వరాజ్ తన షిఫ్టు అయిపోయినా పోకుండా అక్కడే నిలబడి ఉన్నాడు. గంజి తాగిందనీ, గడ్డి సగం తిందనీ, పొడి వెయ్యలేదనీ మేస్త్రీకి అప్పజెప్పినట్టు చెప్పాడు. పండగకు వేరే ఎద్దును చూసుకోమని కసాయికి కూడా చెప్పి వచ్చాడట.

అయితే బెంగళూరుకు ఎప్పుడు ప్రయాణమని ఆమె మొహం అటు తిప్పుకునే అడిగింది.

"నేను పోతే ఇంగ పొద్దున షిఫ్టు ఎవురు చూసేది?" అన్నాడు సెల్వరాజ్.