పంటితో తెంపిన పోగు

ఆవకాయ జాడీ మీద ఒక గరికపోచ, పాలగిన్నె మీద ఒకటి, నీళ్ల బిందె మీద ఒకటి. గ్రహణం పట్టకముందే వంటింట్లో దేన్నీ మరిచిపోకుండా గరిక వేయడం అండాలమ్మ పని. ఎల్‌బీ నగర్‌లోని ఈ ఇంట్లో ఏ పని ఎవరిదని అడిగినా జవాబు అదే. భర్త పోయాక ఊరొదిలి వచ్చి, భార్యను పోగొట్టుకున్న మరిది ఇంటి పొయ్యి ముందు నిలబడింది. వండింది, తోమింది, మరిది కొడుకు మహేష్ పెళ్లికి పందిట్లో అన్నీ తానై తిరిగింది. ఎవరైనా వస్తే మాత్రం మరిది భిక్షపతి, "మా వదిన, మా దగ్గర్నే ఉంటది" అంటాడు, తానేదో సాకుతున్నట్టు.

భిక్షపతి సర్కారు బడిలో సైన్స్ సారు. తెలంగాణ ఉద్యమం రాజుకున్నాక దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరంలో మైకు ఆయనదే. "ఉత్త మాటలు గాదు, ఆధారాలు చూపెడుతున్నం" అంటే జనం చప్పట్లు కొడతారు. సాయంత్రం దీక్ష విరమించినవాళ్లకు పులిహోర అండాలమ్మ చేతిదే. అది ఎవరు కలిపారని ఎవరూ అడగరు.

ఆ రోజు ఆయన బయల్దేరుతూ కోడలు వాసంతి గది వైపు చూపించాడు. వాసంతికి ఏడో నెల.

"వదినా, గ్రహణం పట్టకముందే పిల్లను లోపల పండబెట్టు. కదలొద్దు, గోకొద్దు, నీళ్లు గూడ వద్దు. ఇడిచే దాక బయట గడియ తియ్యకు."

"అంతసేపు నీళ్లు లేకుండ ఎట్లుంటదయ్యా?"

"నీకు నేను చెప్పాల్నా? నీకంటె ఎక్కువ ఎవరికెరుక?"

చెప్పులు తొడుక్కుంటూ అనేసి పోయాడు. ఆ మాట గుమ్మంలోనే ఉండిపోయింది.

ఎనభైలో పట్టపగలే చీకటి పడిన గ్రహణం. పోచంపల్లి దగ్గర వాళ్ల ఊళ్లో తలుపులన్నీ మూతబడ్డాయి. అండాలమ్మకు అప్పుడు మూడో నెల. తానూ పడుకుంటానంది. "కండెలు ఆగితే మగ్గం ఆగుతది. సేటుకు చీర బదులు నీ మొగం చూపిచ్చాల్నా?" అన్నాడు భర్త. రాట్నం ముందు కూర్చుని నూలు చుట్టింది. పోగు తెగితే ముడేసింది, మిగిలిన కొసను అలవాటుగా పంటితో తెంపింది. అత్త అది చూసింది. ఆరు నెలల తర్వాత పిల్ల చీలిన పెదవితో పుట్టినప్పుడు, "పంటితోని పోగు తెంపినవు, పిల్ల మూతి తెగింది" అంది. కండెలు చుట్టమన్నవాడు కిక్కురుమనలేదు. పిల్ల పాలు గుంజలేక ఏడ్చేది. కొన్నాళ్లకు ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. పట్నం దవాఖానలో కుడతారని నర్సు చెబితే, "దేవుడు తెంపింది డాక్టరు కుడ్తడా?" అంది అత్త. పేరు పెట్టకముందే పిల్ల పోయింది. అప్పటి నుంచి అండాలమ్మ దారం పంటితో తెంపలేదు. కత్తెర దొరక్కపోతే కుట్టడమే ఆపేసేది.

ఆలోచన ఆపుకోవడానికి టీవీ పెట్టింది. లోకల్ ఛానల్‌లో దిల్‌సుఖ్‌నగర్. టెంటు పక్కన జనం నల్ల కళ్లద్దాలు పెట్టుకుని సూర్యుణ్ణి చూస్తున్నారు. మైకు ముందు ఎవరో తెలిసిన మనిషి. కింద అక్షరాలు వచ్చాయి. కాలనీలో సాయంత్రం బడికి పోయి యాభై ఏళ్ల వయసులో నేర్చుకున్న అక్షరాలు. కూడబలుక్కుని చదివింది: భిక్షపతి, సైన్స్ టీచర్.

"ఇది చంద్రుని నీడ, గంతే. కడుపుతోటి ఉన్న ఆడబిడ్డలకు ఏం గాదు. గ్రహణం మొర్రి అన్నది మూఢనమ్మకం. ఆధారం లేని మాట నమ్మకుండ్రి!"

చప్పట్లు.

అండాలమ్మ టీవీ కట్టేసింది. పిల్ల పుట్టిన ఏడాది భిక్షపతి బీఎస్సీ చదువుతున్నాడు. అత్త తిడుతుంటే అరుగు మీద పుస్తకం పట్టుకుని ఉన్నాడు. పేజీ తిప్పాడు.

తప్పు తనది కాదని తెలిస్తే గుండె తేలిక కావాలి. కాలేదు. తప్పు తనదనుకున్నన్నాళ్లు, పోవలసిన పిల్లే పోయింది. తనది కాకపోతే బతకవలసిన పిల్ల పోయింది.

"పెద్దత్తమ్మా..." గదిలోంచి వాసంతి గొంతు. "నోరెండుకపోతుంది. జర నీళ్లియ్యవా?"

బిందె మీది గరిక తీసి గ్లాసు ముంచింది. భయం పోలేదు. భయంతోనే గడియ తీసింది.

"వద్దు వద్దు, మామయ్య తిడ్తడు! కడుపుల పిల్లకేమన్నయితే?"

"మీ మామనే చెప్పిండు బిడ్డా, టీవీల. తాగు."

వాసంతి కడుపు మీద చెయ్యేసుకుని గటగటా తాగింది. తర్వాత ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. పాత చీరతో పుట్టబోయే పిల్లకు కుడుతున్న బొంత అండాలమ్మ ఒళ్లో పెట్టుకుంది.

భిక్షపతి వచ్చేసరికి గ్రహణం ఇంకా పూర్తిగా విడవలేదు. తెరిచిన తలుపు, ఖాళీ గ్లాసు చూసి మండిపడ్డాడు.

"నీకేమన్న మతి ఉన్నదా వదినా?"

"నీడ, గంతే అంటివి గద."

"నలుగుట్ల మాట్లాడేది వేరు, ఇంట్ల సంగతి వేరు. రేపేమన్నయితే ఎవరు జవాబు చెప్పాలె?"

"ముప్పయి ఏండ్ల సంది నేనే చెప్తున్న గదయ్యా." గొంతు పెంచలేదు. "నీడేనని నీకు అప్పుడు గూడ ఎరుకనేనా?"

ఆయన కండువా తీసి చేతిలో నలిపాడు. "అమ్మ ముంగట ఏమంటం వదినా... చిన్నోణ్ణి."

"ఇయ్యాళ నీ ముంగట ఎవరున్నరు?"

ఆయన నలిగిన కండువాను కొక్కేనికి తగిలించాడు.

"ఇంక గీ తలుపుకు నేను బయట గడియ పెట్ట," అంది అండాలమ్మ.

సూదిలో దారం అయిపోవచ్చింది. ముడేసింది. వాసంతి కత్తెర కోసం లేవబోతుంటే వద్దని చెయ్యి పట్టుకుంది. బయట ఎండ ఇంకా మసకగానే ఉంది. బొంత అంచును నోటి దగ్గరికి తెచ్చుకుని, కళ్లు మూసుకుని, కొసను పంటితో పట్టి కొరికింది.

తెగింది దారమొక్కటే.