ఏడో ప్రశ్నలో జ

2013లో అశోక్‌నగర్‌లోని నా టైపింగు, జిరాక్సు షాపు ఒక్క ఖాతా మీదే నిలబడి ఉండేది. అది శ్రీరామమూర్తి గారి కోచింగ్ సెంటరు. ఆయన వారం వారం పెట్టే పరీక్ష పేపరు మా దగ్గరే తయారయ్యేది. ముందుగా ఎవరి కంటా పడకూడదన్నది ఆయన షరతు.

మా కంప్యూటర్‌కు రెండు తెరలు. ఒకటి టైపు చేసే మాధురికి, రెండోది కౌంటర్ అవతలి వాళ్లు తప్పులు చూసుకోవడానికి. వైరస్‌ల పీడ పడలేక లినక్స్ పెట్టించాను. విండోస్ బొమ్మ ఉన్న మీటతో పాటు పి నొక్కితే బయటి తెర ఆరిపోయేలా, మళ్లీ నొక్కితే వెలిగేలా మాధురి అమర్చుకుంది.

ఆ సాయంత్రం ఆమె పేపరు టైపు చేస్తోంది. జిరాక్సు కోసం నిలబడ్డ అనుదీప్, "అక్కా, ఏడో ప్రశ్నల జ ఒకటి ఎక్కువ పడ్డది, జర చూడు" అన్నాడు.

అతను చదివేది శ్రీరామమూర్తి గారి దగ్గరే. నేను కౌంటర్ చుట్టి వెళ్లి చూశాను. బయటి తెర వెలుగుతోంది.

"నడుమ ఒకాయనకు బయోడేటా చూపించిన. మళ్ల బంద్ చేసిన కదన్నా!" అంది మాధురి.

బంద్ చేసేటప్పటికి కీబోర్డు తెలుగులో ఉంది. తెలుగులో పి ఉన్నచోట జ ఉంటుంది. తెర ఆరలేదు, జ పడింది.

"ఎన్ని చూసినవ్ రా?" అని అనుదీప్‌ను అడిగాను.

"అన్నీ. నేనేమన్న అడిగిన్నా? కండ్ల ముంగట పెట్టిన్రు."

"సార్‌కు చెప్పకన్నా" అని మాధురి గొణిగింది.

లెక్క వేసుకున్నాను. చెబితే ఖాతా పోవచ్చు. దాస్తే ఖాతా ఉంటుంది గానీ, దాని తాళం అనుదీప్ జేబులో ఉంటుంది.

శ్రీరామమూర్తి గారు రాగానే జరిగింది చెప్పాను. ఆయన వంగి ఆ జ వంక చూశారు.

"మీ కంప్యూటర్‌కి తెలుగు రాదేంటండీ?"

"రాస్తది సార్. తెలుగుల చెప్తేనే వినదు" అంది మాధురి.

ఆయన నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఇది ఇంట్లో సాధనకి అందరికీ ఇస్తాను. పరీక్షకి కొత్తది చెబుతాను, రాయమ్మా. ముందు ఆ అబ్బాయిని పంపించండి."

"సార్, మొదటిసారి మంచిగ చదువుతుంటి!" అంటూ అనుదీప్ మెట్లు దిగాడు.

మాధురి కీబోర్డును ఇంగ్లీషులోకి మార్చి ఆ రెండు మీటలూ నొక్కింది. శ్రీరామమూర్తి గారు లేచి, కౌంటర్ చుట్టి వెళ్లి, తెర నల్లగా ఉందో లేదో చూసి వచ్చారు.

"ఒకటో ప్రశ్న" అన్నారు.