మూడోసారి

తొమ్మిది వందల పన్నెండు వరుసలు. ఆయన చూపుడువేలు స్క్రీన్ మీద ఆనీ ఆనకుండా కిందికి జారుతోంది, పెదవులు కదులుతున్నాయి. ఆసుపత్రి రికార్డుల గదిలో ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని ఇదే. ల్యాబ్ నుంచి రక్తపరీక్షల ఫలితాలు ఒకదాని కింద ఒకటి పొడుగ్గా వస్తాయి. మంచం నంబరు, గంట, పరీక్ష పేరు, అంకె. డాక్టర్లకు అలా చదివే తీరిక ఉండదు. అందుకని వాటిని అడ్డంగా తిప్పుతాడు. మంచానికి ఒక అడ్డ వరుస, పరీక్షకు ఒక నిలువు వరుస. పూర్వం చేత్తో రాసేవాడు. ఇప్పుడు కంప్యూటర్ టూల్‌లో రెండు బొత్తాలు నొక్కితే కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఆ వేగమంటేనే ఆయనకు భయం.

అసలు భయం ఆయనకు పుట్టుకతో వచ్చింది. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వస్తాడు. ప్రమోషన్ పరీక్షకు రెండుసార్లు దరఖాస్తు నింపి రెండుసార్లూ పంపలేదు, కింద నలుగురు పనిచేస్తే వాళ్ళ తప్పులు కూడా తన నెత్తిన పడతాయని. ఏ కాగితాన్నీ మూడుసార్లు చూడందే చేయి దాటనివ్వడు. దాంతో ఆఫీసులో ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు. మూడోసారిగారు అంటే చాలు.

పొద్దున్న భార్య కూడా, "చొక్కా బొత్తాలు రెండుసార్లే చూసుకున్నారు. ఇంకోసారి చూసుకోండి, దారిలో పరువు పోతుంది," అంది. ఆయన నిజంగానే చూసుకున్నాడు.

పదిన్నరకు రెండోసారి చూడడం అయింది. సెక్షన్ హెడ్ వచ్చి వెనక నిలబడ్డాడు.

"రౌండ్స్ మొదలవుతున్నాయి. ఇంకా పంపలేదా?"

"ఒక్కసారి చూసి పంపేస్తాను సార్."

"మీ మూడోసారి భోజనం దగ్గర పెట్టుకోండి. డాక్టరుగారు అక్కడ గోళ్ళు గిల్లుకుంటున్నారు."

పక్క టేబుళ్ళ వాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వి పంపేశాడు.

ఒంటిగంటకు భోజనం డబ్బా మూత తీయకుండానే మళ్ళీ స్క్రీన్ ముందు కూర్చున్నాడు. పద్నాలుగో మంచం, షుగరు, నూట పది పాయింట్ అయిదు. వేలు అక్కడ ఆగిపోయింది. అంకె మంచిదే. కానీ ఆ ల్యాబ్ వాళ్ళు షుగర్ని ఎన్నడూ అరతో రాయరు, పూర్తి అంకే రాస్తారు. ఈ అర ఎక్కణ్ణుంచి వచ్చింది?

అసలు వరుసలు తెరిచాడు. పద్నాలుగో మంచం, తొమ్మిది గంటలు, నూట ఎనభై. రెండొందల వరుసల కింద మళ్ళీ పద్నాలుగో మంచం, తొమ్మిది గంటలు, నలభై ఒకటి. మొదటిది అప్పుడే ఇంటికి వెళ్ళిపోయిన ఒక మగమనిషిది. రెండోది అదే గంటలో అదే మంచం మీదికి వచ్చిన ఒక ముసలావిడది. ఒకే గడిలో రెండు అంకెలు పడబోతే ఆ టూల్ ఎవరినీ అడగదు. సగటు తీసి బుద్ధిగా పెట్టేస్తుంది. ఇన్నేళ్ళుగా తను మనిషిని వదిలేసి మంచాన్ని పట్టుకుని తిప్పుతున్నాడు. షుగరు నలభై ఒకటికి పడిపోతే మనిషి ఏమవుతుందో ఆయనకు తెలుసు.

వార్డు ఫోను ఎంగేజ్. పరుగెత్తాడు. మూడంతస్తుల మెట్లు రెండేసి చొప్పున దిగాడు, పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. సిస్టరు బల్ల దగ్గర ఆగాడు.

"పద్నాలుగు," అన్నాడు. "షుగరు నలభై ఒకటమ్మా. త్వరగా చూడండి."

తెర లాగారు. గ్లూకోజు ఎక్కించారు. షుగరు పెరిగింది గానీ ఆవిడ కళ్ళు తెరవలేదు. నాలుగయ్యేసరికి తెర వెనక మాటలు ఆగిపోయాయి.

కిందికి వచ్చి ఆయన నోటే సంగతంతా విన్న సెక్షన్ హెడ్ ఆయన్ని పక్కకు లాగాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఆ గడి సరిచేసి పెట్టేయండి. ఈ అర సంగతి మనిద్దరికే తెలుసు. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది మీకు."

ఆ మాట ఆయనకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేం. అలాగేనని తలూపాడు కూడా. మెట్లవైపు నడిచాడు.

మెట్ల పక్క బల్ల మీద ముసలావిడ కూతురు కూర్చుని ఉంది. ఒళ్ళో పాల ఫ్లాస్కు. అమ్మ పోయిందని ఎవరో చెప్పేసినట్టున్నారు. ఏడుపు ఇంకా రాలేదు.

"షుగరు బాగానే ఉంది, నిద్రపోనివ్వండి అన్నారండీ," అంది, ఆయన మెడలోని కార్డు చూసి. "లేచాక పట్టిద్దామని కూర్చున్నాను. నేనే లేపి తాగించాల్సింది. నాదే తప్పు."

ఆయన గోడ పట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా దేనికి భయపడ్డాడో అది ఎదురుగా కూర్చుని తనమీద తనే నేరం మోపుకుంటోంది. మెట్లు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి.

"మీ తప్పు కాదమ్మా," అన్నాడు. "బాగుందన్న అంకె పంపింది నేను. అది మీ అమ్మగారిది కాదు, ఇంకొకరిది కలిసిపోయింది. మరోసారి చూసి పంపాల్సింది. చూడలేదు."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. లేచి వార్డులోకి వెళ్ళింది.

ఎవరైనా పిలుస్తారని ఆయన అక్కడే నిలబడ్డాడు. భయం ఇసుమంత కూడా తగ్గలేదు. బల్ల మీద ఫ్లాస్కు ఉండిపోయింది. మూత సరిగ్గా బిగించలేదేమో, సన్నగా ఆవిరి వస్తూనే ఉంది.