గదిలో ఇంకెవరూ లేరు

పరీక్షకు చదివింది నవతే అయినా, ఇస్త్రీ చేయాల్సిన చొక్కా మాత్రం రాజమౌళిది. కెమెరాలో కనబడేది ఆయన కదా మరి! గల్ఫులో, అల్ నహ్దాలో వాళ్లది ఒంటిగది ఫ్లాటు. మొగుడు రాజమౌళి గోదాములో స్టోర్‌కీపర్. డేటా, ఎకనామిక్స్ ఆన్‌లైన్ కోర్సు పాసైతే ఆఫీసులో కూర్చోబెడతానన్నాడు ముదీర్, అంటే అక్కడి మేనేజరు. "ఇంట్ల ఖాళీగనే ఉంటవు గద, వానికి జర సాయం జెయ్యి" అని అత్తగారు ఊరినుంచి ఫోన్లో పురమాయించింది. సాయమంటే వంటా బట్టలూ అయ్యాక పాఠాలన్నీ వినడం, ఆయన పేరుతో జవాబులన్నీ రాయడం. రాను రాను ఆ చదువు నవతకు ప్రాణమైపోయింది. తనూ విడిగా కోర్సులో చేరతానంటే రాజమౌళి నవ్వాడు. "ఇద్దరెందుకు సదువుడు? నువ్వు సదివితే నేను సదివినట్టు గాదా?" ఆన్‌లైన్లో ఆ జవాబులు చూసిన తోటి విద్యార్థులు 'రాజమౌళి భాయ్' అంటూ ఆమెనే మెచ్చుకునేవాళ్లు. మొన్న పక్క ఫ్లాటు దిల్షాద్ బేగం 'నవతా' అని పిలిస్తే, ఎవర్నో అనుకుని పలకలేదు. తర్వాత చాలాసేపు భయమేసింది.

ఆఖరి పరీక్షకు మనిషి కెమెరా ముందుండాలి. విడి కెమెరా ఒకటి తెచ్చాడాయన. దానికి అందని చోట, తెర కనిపించేలా ఆమె నేలమీద కూర్చోవాలి. మొదటి జవాబైతే ఆయన పాదం మీద ఒకసారి తట్టాలి, రెండోదైతే రెండుసార్లు.

పరీక్ష పర్యవేక్షించే అమ్మాయి గొంతు స్పీకర్లోంచి హిందీలో పలికింది, గదంతా చూపించమని. ఆయన కెమెరా పట్టుకుని తిరుగుతుంటే, ఆయన వీపు వెనకే నవతా తిరిగింది, ఊపిరి బిగబట్టి. తెరమీద తన ఇల్లు. పొయ్యిమీద పప్పు ఉడుకుతోంది. కడిగిన గిన్నెలనుంచి నీళ్లు కారుతున్నాయి. బట్టలు మడతపెట్టి ఉన్నాయి. ఆ పనులు చేసిన మనిషి ఎక్కడా లేదు. తను పోయాక కూడా ఇల్లు ఇలాగే ఉంటుంది కాబోలు అనిపించింది.

గదిలో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగిందా అమ్మాయి.

"కోయీ నహీ మేడమ్," ఎవరూ లేరన్నాడు రాజమౌళి తడుముకోకుండా.

ప్రశ్న వచ్చింది. నవతకు తెలిసిందే. తొందరగా తట్టమన్నట్టు ఆయన పాదం కదిపాడు. తట్టకపోతే ఆఫీసు ఉద్యోగం ఖలాస్, అత్తగారి నోటికి అడ్డుండదు. చెయ్యి చాచింది. టేబుల్ కింది చీకట్లో ఆ చెయ్యి తనకే కనబడలేదు. చటుక్కున లేచి ఆయన వెనక నిలబడింది. తెరమీద రాజమౌళి భుజం వెనక ఒక ఆడమనిషి ముఖం మెల్లగా తేలింది.

"సర్, ఆప్ కే పీఛే కౌన్ హై?" మీ వెనక ఎవరని అడిగిందా అమ్మాయి.

రాజమౌళి వెనక్కి తిరిగి చూడనైనా లేదు. "కోయీ నహీ మేడమ్."

నవత కెమెరాను తనవైపు తిప్పుకుని హిందీలోనే చెప్పింది.

"చదివింది నేను మేడమ్. గదిలో ఇంకెవరూ ఉండకూడదంటే, ఈయన్ను బయటికి పంపిస్తాను."