రెండు రెక్కల తలుపు

నాగప్ప మా ఇంటి తలుపు పీక్కుపోయిన రోజు నేను శాపనార్థాలు పెట్టలేదు. వీధి వీధంతా చూస్తుండగా అతని జీతగాళ్లిద్దరు రెండు రెక్కలూ ఊడదీసి భుజాన వేసుకుంటే, నాగప్ప బీడీ కాలుస్తూ వాళ్ల వెనక నడిచాడు. అప్పు కట్టనివాళ్ల ఇంటి తలుపు పీకడం మా వైపు కొత్తేమీ కాదు. పరువు తీస్తే డబ్బు దానంతటదే వస్తుందని లెక్క. నా పరువైతే పోయింది. ఎండిపోయిన బోరులో పోసిన ఇరవై వేలు మాత్రం ఎక్కడి నుంచి వస్తాయి?

మా ఆయన మద్దిలేటి పుణెకు మట్టిపనికి పోయాడు. ఇంట్లో ఉన్నది నేనూ, పదో తరగతి చదివే మా కూతురు ఉమా. తలుపు లేని ఇంట్లో ఎదిగిన పిల్లని ఎలా పడుకోబెట్టను? గుమ్మానికి పాత చీర కట్టాను. పొద్దుగూకగానే చాప ఇచ్చి పక్కింటి హన్మమ్మ దగ్గరికి పంపేదాన్ని.

"తలుపు ఎప్పుడొస్తదమ్మా?" అని ఉమ రోజూ అడిగేది.

"వస్తది బిడ్డా. వచ్చిన దినమే మనింట్ల పండుకుంటవు."

మా ఊరి బడిపంతులు ఇస్రాయేలు సారు పంచాయితీ చేసి కాగితం రాశారు. నెలకు రెండు వేల చొప్పున పది కిస్తీలు. ఐదు కడితే తలుపు వాపసు. తలుపుకు వెల కట్టి అప్పులో తగ్గించమని నేనడిగితే నాగప్ప నవ్వాడు.

"అదేం తలుపు అంజమ్మ, పొయ్యిల పెట్టనీకె తప్ప దేనికొస్తది? దానికి నయాపైస గూడ తగ్గియ్య."

"సరే నాగప్పన్న. సారూ, గదే మాట కాగితంల రాయి. ఇంకోటి గూడ రాయి. వాపసు తెచ్చేటప్పుడు జీతగాళ్లు తేవద్దు. నాగప్పన్ననే మోసుకొచ్చి, తన చేత్తోని బిగియ్యాలె."

అందరూ నవ్వారు. నాగప్ప కూడా నవ్వుతూనే సంతకం పెట్టాడు. ఐదు కిస్తీలు నేను కట్టలేనని అతని ధీమా.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా కొత్తగా నెట్ సెంటరు పెట్టారు. అక్కడ కూర్చునే నిరోష నా సామాన్ల ఫోటోలు కంప్యూటర్లో అమ్మకానికి పెట్టి, పైన "ఇంట్లో అక్కర్లేని సామాన్లు" అని కొట్టింది. నాకు ఒళ్లు మండింది. కుట్టుమిషను నాకు అక్కర్లేదని ఎవరన్నారు? అయినా నోరు మూసుకున్నాను. మిషను వనపర్తికి పోయింది. టీవీ, పెళ్లినాటి ఇత్తడి గుండిగ మహబూబ్‌నగర్‌కు పోయాయి. ఒక్కో సామాను గడప దాటుతుంటే నాగప్పను తలుచుకుని పళ్లు నూరుకున్నాను. అలా నాలుగు కిస్తీలు కట్టాను.

ఐదో కిస్తీకి మిగిలింది పెద్ద మంచమే. కొత్తగా ఫోటో తీయించడం దండగని, ఉమ చిన్నప్పుడు ఆ మంచం మీద కూర్చున్న పాత ఫోటో ఇచ్చాను. మూడో రోజు హైదరాబాదు నుంచి శ్రవణ్ కుమార్ అనే ఆయన ఫోన్ చేశాడు. పెద్ద హోటళ్లను పాతకాలం సామాన్లతో అలంకరిస్తాడట.

"మంచం వద్దమ్మా. దాని వెనక పద్మాలు చెక్కిన తలుపుంది కదా, అది ఇస్తారా? ముప్పై వేలిస్తాను."

మా మామ మల్దకల్ వడ్రంగికి జొన్నలు కొలిచి చేయించిన తలుపు అది. ఇప్పుడు నాగప్ప దొడ్డిలో మేకలకు అడ్డంగా పడి ఉంది. దాని వెల తెలిస్తే వాడు వాపసు ఇస్తాడా? పొయ్యిలో పెట్టేశానని చెప్పి తానే అమ్ముకుంటాడు. శ్రవణ్ కుమార్‌ను నెల గడువు అడిగాను. నిరోషతో ఆ ఫోటో తీసేయించాను. ఉమకు కూడా చెప్పలేదు.

మంచాన్ని కొత్తకోట దాబావాడికి అగ్గువకు ఇచ్చేశాను. తక్కువైన దానికి పదిహేను రోజులు పత్తి ఏరాను. ఐదో కిస్తీ ఇస్రాయేలు సారు చేతిలో పెట్టి, ఆదివారం నాటికి తలుపు తెప్పించమన్నాను. అదే రోజు శ్రవణ్ కుమార్‌ను రమ్మని, హన్మమ్మ ఇంట్లో కూర్చోబెట్టాను.

నాగప్ప ఒక రెక్క మోసుకొచ్చి దించి, రెండోదానికి మళ్లీ పోయాడు. ఏ వీధిలో నా పరువు తీశాడో ఆ వీధిలోనే వంగి, రొప్పుతూ నడిచాడు. నా కడుపు నిండింది. బిగించడం అయ్యాక చెమట తుడుచుకున్నాడు.

"తీస్కో నీ కట్టెలు."

ఉమ పరుగున లోపలికి పోయి గడియ పెట్టుకుంది. తీసి, మళ్లీ పెట్టుకుంది. లోపల దాని నవ్వు వినిపించింది. ఆ నవ్వు విని కూడా నేను ఆగలేదు. హన్మమ్మ ఇంటి వైపు చెయ్యి ఊపాను.

శ్రవణ్ కుమార్ వచ్చి తలుపు నిమిరి చూసి, అరుగు మీద ముప్పై వేలు పెట్టాడు. అందులో పది వేలు తీసి ఇస్రాయేలు సారుకిచ్చాను.

"మిగిలిన కిస్తీలన్నీ ఇవే సారూ."

నాగప్ప ముఖం పాలిపోయింది. "ముప్పై వేలా? నా దొడ్లనే ఉండె గద."

"నయాపైస చెయ్యదంటివి. కాగితంల ఉన్నది." వంద నోటు అతని అంగీ జేబులో దోపాను. "ఇది మోసిన కూలి. పీకుడు నీకు అలవాటే గద, పీకి బండిల పెడితె ఇంకో వందిస్త."

అతను పీకలేదు, పోనూ లేదు. శ్రవణ్ కుమార్ మనుషులు తలుపు ఊడదీసి వ్యానులో ఎక్కించేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ ముఖం కోసమే కదా ఇన్నాళ్లు కాచుకున్నాను. కళ్లారా చూశాను.

వ్యాను పోయాక వెనక్కి తిరిగితే గుమ్మంలో ఉమ ఉంది. లోపల పరుచుకున్న చాపను అప్పటికే చుట్టి చంకన పెట్టుకుంది.

"పది దినాలే బిడ్డా. ఇనుప తలుపు చేపిస్త."

"సరేనమ్మ," అని హన్మమ్మ ఇంటికి పోయింది.

మూలన పడేసిన చీర తీసి మళ్లీ గుమ్మానికి కట్టుకున్నాను.