పాత కార్డుకు చోటు

స్టూడియోలోకి కొత్త కంప్యూటర్లు దిగిన రోజున ఓనరు అడిగింది ఒకే ఒక్క మాట.

"పాత క్యాప్చర్ కార్డు ఇందులో పడుతుందా?"

ఎడిటరు మూతయినా విప్పి చూడలేదు. "పట్టదు సార్, స్లాట్లే మారిపోయాయి," అనేశాడు. ఓనరుకి ఈ వ్యవహారాలు తెలిసింది అంతంతమాత్రం. నమ్మేశాడు.

ఆ కార్డుంటేనే పాత వీడియో టేపులు కంప్యూటర్లోకి ఎక్కుతాయి. టేపులెక్కించే పని ఎడిటరు సొంత బాబాయిది. ఒకప్పుడు పేరున్న కెమెరామన్. చేతులు వణకడం మొదలయ్యాక కెమెరా పక్కన పెట్టేసి, ఈ అన్నకొడుకు పక్కన కుర్చీ వేసుకున్నాడు. గంట టేపు ఎక్కాలంటే గంటా కూర్చోవాల్సిందే. ఆ గంటసేపూ ఆయన నోటికి మూత పడదు.

"ఈ పెళ్లికొడుకుని చూడరా, కెమెరా కనబడితే చాలు, ఊపిరి బిగబట్టేవాడు. పెళ్లంతా అలాగే గడిపాడు పాపం."

ఎడిటరుకి చిరాకు నషాళానికెక్కేది. కార్డు పోతే పక్కన కుర్చీ కూడా పోతుందని అతనికి తెలుసు. తెలిసే ఆ మాటన్నాడు.

టేపుల పని ఇక లేదని ఓనరు చెప్పినప్పుడు బాబాయి గొడవేం చెయ్యలేదు. "మావాడు ఉండబట్టే ఇన్నాళ్లయినా సాగింది," అని చెప్పి మరీ వెళ్లాడు. ఆ మాట ఎడిటరుకి ముల్లులా గుచ్చుకుంది. గది ప్రశాంతంగానే ఉంది, పనే ముందుకు కదల్లేదు.

కొన్నాళ్లకి పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హాల్లో కూర్చుంటున్నారురా. ఎక్కడికీ అంటే పలకరు. అక్కడ ఏదైనా పనుంటే చూడు నాన్నా."

ఎడిటరు ఫోన్ పెట్టేసి లేచాడు. స్టూడియోకి వెళ్లి కంప్యూటరు మూత విప్పాడు. అడుగున పాతరకం స్లాటు ఒకటి ఖాళీగా ఉంది. కార్డు నొక్కగానే కూర్చుంది. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ వెతికి ఎక్కించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది గానీ, బొమ్మ మాత్రం చక్కగా వచ్చింది. "సెట్టింగ్ ఏదో మార్చా సార్, పట్టింది," అని ఓనరుకి ఇంకో అబద్ధం చెప్పి, తిన్నగా బాబాయి ఇంటికెళ్లాడు.

"కార్డు పట్టింది బాబాయ్. రేపట్నుంచి వచ్చెయ్."

బాబాయి నవ్వాడు. "పడుతుందని నాకు తెలుసురా. అడుగున పాత స్లాటు ఒకటుందని, ఆ మిషన్లు బిగించడానికొచ్చిన అతను నా ముందే అన్నాడు. అయినా నువ్వు పట్టదన్నావంటే, నా సొద భరించలేకపోతున్నావని అర్థమైంది. నేనే కాస్త నోరు అదుపులో పెట్టుకోవాల్సింది."

ఎడిటరుకి తల కొట్టేసినట్టయింది. అదేం కాదు బాబాయ్ అందామనుకున్నాడు. అన్నా అది మూడో అబద్ధమే అయ్యేది.

మర్నాడు బాబాయి వచ్చాడు. కుర్చీని తనే గోడవారకి జరుపుకుని, టేపు పెట్టి, శబ్దం తగ్గించుకున్నాడు. తెర మీద ఎవరో భారీ మనిషి ఫొటోకి నిలబడుతూ దండతో సహా జారి పడ్డాడు. నవ్వాపుకోలేక బాబాయి భుజాలు కదిలాయి. నోరు మాత్రం తెరవలేదు.

ఎడిటరు చేతిలో పని ఆపేసి అటు తిరిగాడు. "ఎవరు బాబాయ్ ఆయన?"

"నీ పని చూసుకో నాన్నా, పాడవుతుంది," అన్నాడు బాబాయి, వెనక్కి తిరక్కుండానే.